మీరా సాహెబు పేల్చని ఫిరంగి

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కుర్చీ మీద కూర్చునే హక్కు షావుకార్లది. రైతులు బెల్లం దిమ్మల పక్కన నేల మీదే కూలబడేవారు. దలారీలు నిలబడే బేరాలు తెగ్గొట్టేవారు. మూటలు మోసే కళాసీలకు అసలు కూర్చునే తీరికే ఉండేది కాదు. ఈ పద్ధతికి ఒక్క మీరా సాహెబు మాత్రం మినహాయింపు. షావుకారు త్రినాధరావు గారి కొట్లో, గోడౌను తలుపు పక్కన ఒక ఇనప కుర్చీ ఉండేది. ఖాకీ కోటు తొడుక్కుని, మీసం మెలేసి, ఒళ్ళో లాఠీ పెట్టుకుని ఆయన అందులో కూర్చునేవాడు. జీతం కాపలావాడిదే గానీ కుర్చీ షావుకారుది. ఎందుకంటే ఆయన పెద్ద యుద్ధంలో బర్మా వెళ్ళి ఫిరంగి పేల్చిన మనిషి.

పేల్చినట్టు చెప్పింది ఎవరయ్యా అంటే ఆయనే. చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు, కాబట్టి కాదన్నవాళ్ళూ లేరు.

అసలు సంగతి ఇది. మీరా సాహెబు వాళ్ళది కళాయి వేసే ఇల్లు. రాగి గిన్నెలకు లోపల తగరం పూత వేయకపోతే చిలుము పడుతుంది, ఆ చిలుము పులుసులో కలిస్తే కడుపులో పడ్డది విషమే. అందుకని వాళ్ళ నాన్న తిత్తి, కొలిమి భుజాన వేసుకుని గవరపాలెం వీధులన్నీ “కళాయీ!” అని కేకేస్తూ తిరిగేవాడు. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు మీరా సాహెబు పటాలంలో చేరాడు. పటాలం వాళ్ళు అతని చేతులు చూశారు, పేరు రాసుకున్నారు, వంటశాలకు పంపారు. నాన్న అనకాపల్లిలో చేసిన పనే కొడుకు బర్మా అడవుల్లో ఖాకీ నిక్కరు తొడుక్కుని చేశాడు. పటాలం డేగిసాలు మామూలు డేగిసాలు కావు, మనిషి దిగితే నడుం దాకా వచ్చేవి. లోపల ఇసక, చింతపండు పోసి, ఉత్త కాళ్ళతో దిగి, పైన కట్టిన తాడు పట్టుకుని, నడుం తిప్పుతూ మడమలతో తోమాలి. తోమి, కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో రాస్తే అద్దంలా తెల్లగా వచ్చేది. ఆ అడవిలో జ్వరాలతో పోయినవాళ్ళు ఉన్నారు, తూటా తగిలి పోయినవాళ్ళు ఉన్నారు. మీరా సాహెబు కళాయి వేసిన డేగిసాలో కూడు తిని కడుపు నొప్పి అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇది చెప్పుకోదగ్గ సంగతే. కానీ తిరిగొచ్చిన మొదటి రోజున టీ కొట్టు దగ్గర ఎవరో “యుద్ధంలో ఏటి సేసేవు మావా?” అని అడిగారు. చుట్టూ అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్ళ నాన్న కేకలు విని పెరిగిన వీధి అది. అక్కడ నిలబడి గిన్నెలు తోమాను అనడానికి మీరా సాహెబుకు నోరు రాలేదు. “ఫిరంగి పేల్చేను” అన్నాడు. అంతే, ఆ మాట కాస్తా ఉద్యోగమైంది, ఇనప కుర్చీ అయింది, ఆగస్టు పదిహేనున జెండాకు మొదటి సెల్యూటు అయింది.

ఇంట్లో భార్య బషీరాబీ దగ్గర మాత్రం ఫిరంగి చెల్లలేదు. ఆయన నిద్రపోతూ మడమలు తిప్పేవాడు, ఆవిడకు చాప కింద ఇసక ఉన్నట్టు కరకరలాడేది.

“ఫిరంగి పేల్చేవోడు నిద్దట్లో కాళ్ళతో ఏటి తోముతాడయ్యా?” అని ఆవిడ తెల్లారగానే అడిగేది.

ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ వినపడనట్టు వెళ్ళిపోయేవాడు. మామగారి కొలిమి సామానంతా ఆవిడ గోనెసంచిలో కట్టి అటక మీద దాచింది. అమ్మేయమని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆవిడ అమ్మలేదు.

అరవై అయిదో సంవత్సరం ఎండాకాలంలో త్రినాధరావు గారికి మద్రాసులో బెల్లం బేరం పడింది. తోడుగా, పరాయి ఊళ్ళో దడుపు లేకుండా మిలటరీ మనిషిని తీసుకెళ్ళారు. సరుకు పండించినవాడుగా మునగపాక చెరకు రైతు తాతబ్బాయి కూడా బయలుదేరాడు. బేరం పొద్దుటే కుదిరిపోయింది. రైలు సాయంత్రం. మధ్యలో ఉన్న ఎండంతా ఏం చేసుకోవాలో ముగ్గురికీ తోచలేదు. జంతు ప్రదర్శనశాలకు టిక్కెట్టు ఉందన్నారు, త్రినాధరావు గారికి జంతువుల మీద మోజు పోయింది. సినిమాకు టిక్కెట్టు ఉంది, ఆయనకు తలనొప్పి వచ్చింది. కోట వైపు యుద్ధ సామగ్రి మ్యూజియం ఒకటి ఉందనీ, దానికి టిక్కెట్టు లేదనీ రిక్షావాడు చెప్పగానే ఆయనకు దేశభక్తి పొంగుకొచ్చింది.

“ఏటి మిలటరీ, నీ ఫిరంగి అక్కడుంటాది కదా. సూపిద్దువు గాని, నడు.”

మీరా సాహెబు తలెత్తి ఎండ వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఫిరంగిని దగ్గరగా చూసింది లేదు. అది ఏ పక్కన మందు తింటుందో, ఏ పక్కన కక్కుతుందో సరిగా తెలియదు.

“ఎండ బాబూ, రైలు తప్పిపోద్ది,” అన్నాడు.

“రైలు సాయంత్రం మావా,” అన్నాడు తాతబ్బాయి. అతనికి ఫిరంగి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

మ్యూజియంలో చల్లగా ఉంది. గుమ్మంలో కుండతో మంచినీళ్ళు పెట్టారు. అవి కూడా ఉచితమే కాబట్టి త్రినాధరావు గారు కడుపునిండా తాగి, ముఖం కడుక్కుని, పై పంచె తడిపి నెత్తిన వేసుకుని మరీ లోపలికి నడిచారు. గోడల నిండా కత్తులు, టోపీలు, చనిపోయిన దొరల కోట్లు. ప్రతి వస్తువు కిందా ఇంగ్లీషులో అట్ట ముక్క. మనవాళ్ళు ముగ్గురికీ ఇంగ్లీషు రాదు. వచ్చినవాళ్ళు ఆ అట్టలను చదవడం లేదు, పంకా కింద నిలబడి గాలి పీల్చుకుంటున్నారు. హాలు మధ్యలో చక్రాల మీద ఫిరంగి ఉంది. దాని చుట్టూ జనం. జనం మధ్యలో, చొక్కా మీద పతకాల రంగు బద్దీలు గుచ్చుకున్న ముసలి కాపలాదారు ఒకడు కాసేపు అరవంలో, కాసేపు తెలుగులో ఉపన్యాసం ఇస్తున్నాడు.

“నేనీ సేతుల్తోటే పేల్చేను. ఆ సప్పుడికి కొండ మీద కోతులు కూడా సెవులు మూసుకున్నాయి.”

మాట తీరు వింటే విజయనగరం వైపు మనిషని చెవిటివాడికైనా తెలుస్తుంది. తాతబ్బాయి ఆగలేకపోయాడు. మీరా సాహెబును జబ్బ పట్టుకుని జనంలోంచి ముందుకు లాగాడు.

“మా సాయిబు మావ కూడా పేల్చేడు! బర్మాలోనే!”

జనం దారి ఇచ్చారు. కాపలాదారు ఉపన్యాసం ఆగిపోయింది. ఒక్క ఒరలో ఇద్దరు ఫిరంగి వీరులు ఇమడరని ఇద్దరికీ తెలుసు.

“ఏ పటాలం?” అన్నాడు కాపలాదారు, కళ్ళు చిన్నవి చేసి.

మీరా సాహెబు కుర్చీ, కోటు, జెండా సెల్యూటు అన్నీ ఆ ఒక్క ప్రశ్న అంచున వేలాడుతున్నాయి. త్రినాధరావు గారు పక్కనే ఉన్నారు. తప్పు చెబితే సాయంత్రం రైలెక్కకముందే ఉద్యోగం ఊడుతుంది, రైలు దిగకముందే ఊరంతా నవ్వుతుంది. ఏమీ తోచక మొహం పక్కకు తిప్పుకున్నాడు. మూలన ఒక రాగి డేగిసా కనపడింది.

పటాలం డేగిసా. మనిషి దిగితే నడుం దాకా వచ్చేది. అంచు చుట్టూ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది.

అంతమందిలో, అంత ప్రమాదంలో కూడా మీరా సాహెబు కాళ్ళు అటే నడిచాయి. అంచు మీద బొటనవేలి గోరుతో గీకి, గోరును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. లోపలికి తొంగిచూస్తే అడుగున, మసి కింద, తెల్లటి తగరం ఇంకా బతికే ఉంది. మంచి చేతి పని. తనదే కావచ్చు, కాకపోనూవచ్చు. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

కాపలాదారు వెనకాలే వచ్చి ఇదంతా చూశాడు. చిలుము గీకి వాసన చూసే మనుషులు లోకంలో ఒక్క జాతే ఉంటారు. అతని చెయ్యి దానంతటదే లేచి, రెండు వేళ్ళతో మీరా సాహెబు గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగు వైపు తిప్పింది. ఆ పట్టు కూడా ఒక్క పనివాళ్ళదే. కత్తి పెట్టే ముందు చెంపను అలా తిప్పుతారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

“కళాయి మీరా!” అన్నాడు కాపలాదారు పెదవుల్లోనే.

“క్షవరం పరదేశి!” అన్నాడు మీరా సాహెబు అంతకన్నా మెల్లిగా.

అదే వంటశాల పక్కన, చింతచెట్టు కింద, పటాలం మొత్తానికి గడ్డాలు గీసిన పరదేశి. డేగిసాలో నిలబడి మడమలు తిప్పుతున్న మీరా సాహెబుకు అక్కడే, అలాగే, గడ్డం గీసిన రోజులు కూడా ఉన్నాయి. ఇద్దరూ శత్రువును చూసింది వాడు పట్టుబడి కట్లతో వచ్చినప్పుడే. ఇప్పుడు ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా రెండు ఫిరంగులూ ఒకేసారి పేలిపోతాయి.

పరదేశి ముందు తేరుకున్నాడు. జనం వైపు తిరిగి చేతులెత్తాడు.

“ఈయన్ని పటాలం అడిగేనా నేను? నా కళ్ళు పోను! ఈయన గురి సూసి నేను నేర్సుకున్నాను బాబూ! గుండు నేనందిస్తే పేల్సినోడు ఈయన!”

జనం చప్పట్లు కొట్టారు. మీరా సాహెబు కూడా బాకీ ఉంచుకోలేదు. ఆ రోజు పరదేశి గుండు అందించకపోతే తాను లేనేలేనని చెప్పి, అతన్ని కౌగలించుకుని ఏడ్చాడు. ఏడుపు నిజమైనదే. త్రినాధరావు గారు కూడా తడి పంచెతో కళ్ళు ఒత్తుకున్నారు. ఇంత కథ టిక్కెట్టు లేకుండా చూపించినందుకు గవర్నమెంటును మెచ్చుకున్నారు.

తాతబ్బాయి చూపు మాత్రం డేగిసా మీదే ఉంది. రోజూ పెనంలో బెల్లం వండే మనిషి కదా.

“ఇదేటి బాబూ, ఇంత గిన్ని?”

“అదా,” అన్నాడు పరదేశి, ఎన్నో ఏళ్ళుగా అలవాటైన గొంతుతో, “ఫిరంగికి మందు కలిపే గంగాళం.”

“అడుగున మెతుకులు మాడినట్టు మచ్చుందేటి?”

“మందు మాడిన మచ్చ.”

తాతబ్బాయికి నమ్మకం చాలలేదు. “అవునా మావా?” అని మీరా సాహెబును అడిగాడు.

ఆ మ్యూజియం మొత్తంలో మీరా సాహెబుకు నిజంగా తెలిసిన వస్తువు అదొక్కటే. దాన్లో ఎంత పప్పు ఉడికేదో తెలుసు. ఎన్ని దోసిళ్ళ ఇసక పడుతుందో తెలుసు. వానల్లో నిప్పు రాజుకోక తగరం కరగక ఆయన ఏడ్చిన రోజులు తెలుసు. పదిమంది చుట్టూ నిలబడి అడుగుతున్నారు, జన్మలో మళ్ళీ ఎవరూ అడగరు. పరదేశి కళ్ళతోనే బతిమాలాడు.

“అవును,” అన్నాడు మీరా సాహెబు. “మందు కలిపేదే.”

త్రినాధరావు గారు చెప్పులు విడిచి డేగిసాకు దణ్ణం పెట్టారు. మీరా సాహెబుకు మాత్రం కన్నతండ్రిని బజారులో ఎవరో తెలియదన్నట్టు అనిపించింది. రైల్లో ఎవరు ఏమడిగినా పలకలేదు. వీరులు అంతే, ఊరికే మాట్లాడరని షావుకారు గారు పక్క పెట్టెలో వాళ్ళకు కూడా చెప్పి వచ్చారు.

అనకాపల్లిలో ఆ కథ రైలు కన్నా ముందు దిగింది. టీ కొట్టులో ఇప్పుడు మీరా సాహెబు నోరు తెరవక్కర్లేదు, తాతబ్బాయే చెప్పేవాడు. తాతబ్బాయి చెబితే ఫిరంగి ఇంకా దూరం పేలేది.

ఆ సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. దక్షిణాది నుంచి జవాన్లతో వెళ్ళే రైలు అనకాపల్లిలో ఆగుతుందని తెలిసి, ఊరి పెద్దలు వాళ్ళకు భోజనం పెట్టాలని తీర్మానించారు. త్రినాధరావు గారు అధ్యక్షులు. స్టేషను బయట పందిరి వేశారు, మైకు పెట్టారు, వేదిక మీదకు ఇనప కుర్చీ మోసుకొచ్చారు. మీరా సాహెబును అందులో కూర్చోబెట్టి మెడలో బంతిపూల దండ వేశారు. సత్రంలోంచి రాగి డేగిసాలు బండి మీద వచ్చాయి. పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని గిన్నెలు.

దండలోంచి చూస్తున్న మీరా సాహెబుకు అన్నిటికన్నా పెద్ద డేగిసా లోపల ఆకుపచ్చ రంగు కనపడింది. వంటవాడు దాన్లోనే పులుసుకు చింతపండు రసం పోయబోతున్నాడు.

“ఆగరా!” అని కేక పెట్టి వేదిక దిగాడు. “అది చిలుము! రైలు నిండా జనాన్ని సంపేత్తారా?”

“కొంచెం చిలుముకేటి, తుడిసేత్తే పోద్ది. నువ్వెళ్ళి కూకో మిలటరీ,” అన్నారు త్రినాధరావు గారు. “కళాయి ఇమామ్‌కి కబురెడితే మాడుగుల సంతకెళ్ళేడంట. రైలొచ్చీ వేళైంది.”

మీరా సాహెబు ఒకసారి కుర్చీ వైపు చూశాడు, ఒకసారి డేగిసా వైపు చూశాడు. తర్వాత దండ తీసి కుర్చీకి వేశాడు. కోటు విప్పాడు. పందిరి రాటకు తాడు కట్టి, “తాతబ్బాయీ, ఇసక తే!” అని, లుంగీ ఎగ్గట్టి డేగిసాలోకి దిగాడు.

ఎవరో పరుగెత్తుకెళ్ళి బషీరాబీకి చెప్పారు. ఆవిడ అటక మీది గోనెసంచి నెత్తిన పెట్టుకుని వచ్చింది. తిత్తి, పటకారు, తగరం కడ్డీ, నవసాగరం పొట్లం ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చింది.

“ఇన్నాళ్ళకి మెలకువతో తోముతున్నావు,” అంది. కొంగుతో మూతి మూసుకుంది గానీ ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు తెలుసు.

మడమలు తిరుగుతున్నాయి. ఇసక కరకరలాడుతోంది. చుట్టూ జనం మూగారు. చెమట కారుతుంటే, ఊపిరి ఎగపోస్తుంటే, మీరా సాహెబు ఇరవై ఏళ్ళుగా దాచిన మాటను కక్కేశాడు.

“బాబూ, ఇనండి! బర్మాలో నేను సేసింది ఇదే! ఫిరంగీ లేదు, గిరంగీ లేదు. గిన్నెలకి కళాయేసేను. మద్రాసులో సూసింది మందు గంగాళం కాదు, పప్పు డేగిసా! పరదేశి గడ్డాలు గీసేవోడు! అల్లా సాక్షిగా నిజం!”

త్రినాధరావు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మైకు అందుకున్నారు.

“సూసేరా! అంతటి వీరుడు, గిన్ని తోముతా, నాకేటీ రాదంటన్నాడు! గొప్పోళ్ళకి గర్వం ఉండదు!”

చప్పట్లు మోగాయి. “నేను మద్రాసులో కళ్ళారా సూసేను, గుండందించినోడే సాక్ష్యం సెప్పేడు!” అని తాతబ్బాయి మైకు దగ్గరికి తోసుకొచ్చాడు. మీరా సాహెబు ఇంకా అరిచాడు. ఆయన అరిచినకొద్దీ చప్పట్లు పెరిగాయి. మ్యూజియంలో రుజువైన అబద్ధం ముందు, డేగిసాలో నిలబడి చెప్పే నిజం ఏపాటిది? చివరికి నోరు మూసుకుని నిప్పు రాజేసి, తగరం కరిగించి, దూదితో తిప్పాడు. డేగిసా లోపల తెల్లటి వెలుగు పరుచుకుంది. చేతులు ఏమీ మరిచిపోలేదు. ఆయన దాన్ని చూసుకుని, ఈ మాట నమ్మేవాడు ఒక్కడైనా దొరికితే చాలు అనుకున్నాడు.

పులుసు ఉడికి, డేగిసాలు ప్లాట్‌ఫారం మీదకు చేరాక, రైలు ఆలస్యంగా వచ్చింది. జవాన్లు ఆకలిగా తిన్నారు. వాళ్ళతో వచ్చిన పటాలం వంటవాడు, నెరిసిన మీసాల పంజాబీ, గరిటె ముంచడానికి వంగి అలాగే ఆగిపోయాడు. అంచు చుట్టూ వేలితో రాశాడు. తలెత్తి, “యే కళాయి కిస్‌నే కీ?” అని అడిగాడు. ఈ కళాయి ఎవరు వేశారని. ఆ గొంతులో పనివాడిని పనివాడు వెతుక్కునే ఆత్రం ఉంది.

మీరా సాహెబు ప్రాణం లేచి వచ్చింది. మసి చెయ్యి పైకెత్తి “మై...” అంటూ ముందుకు ఒక అడుగు వేశాడు.

త్రినాధరావు గారు గబగబా అడ్డం వచ్చారు. ఊరి వీరుణ్ణి పరాయివాడు కళాయివాడనుకుంటే ఎంత అప్రతిష్ఠ! “నహీ, నహీ! కళాయివాలా నహీ! తోప్‌వాలా! బర్మా! ఢాం, ఢాం!” అని చేతులతో ఫిరంగి పేల్చి చూపించారు.

పంజాబీ మొహంలో ఆత్రం చల్లారిపోయింది. రైలు నిండా ఫిరంగులవాళ్ళే ఉన్నారు. “అచ్ఛా,” అని మర్యాదగా తలూపి గరిటె ముంచుకున్నాడు. గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది. మీరా సాహెబు పైకెత్తిన చేతిని ప్లాట్‌ఫారం మీద జనమంతా సెల్యూటు అనుకుని, తామూ సెల్యూటు చేశారు.

మర్నాడు త్రినాధరావు గారు ఇనప కుర్చీకి మెత్త కుట్టించారు. మీరా సాహెబు కోటు తొడుక్కుని వచ్చి దాని మీద కూర్చున్నాడు. నమస్కారాలు పెట్టినవాళ్ళకు తలూపాడు. కుర్చీ కింద మాత్రం, ఎవరూ చూడని చోట, రెండు మడమలూ గచ్చు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.